మనిషికి ఒక గరిటె

శనివారం

నా చిట్టి గువ్వకి,

నాన్న రాస్తున్నానమ్మా. కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడకు, నాకేమీ కాలేదు, దుక్కలా ఉన్నాను. చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని అల్లుడుగారు నవ్వుతారేమో, నవ్వనీ. ఫోన్లో నువ్వు "చెప్పు నాన్నా, త్వరగా చెప్పు, బయట పేషెంట్లున్నారు" అంటావు. త్వరగా చెప్పగలిగినవన్నీ రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. వాన పడింది, కుళాయి బాగుచేయించాను, పక్కింటి పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఇప్పుడు చెప్పబోయేది అలా అయిపోయేది కాదు. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువు నాది, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ముందు తీపి కబురు. షుగరు రోగికి ఆ ఒక్క తీపే కదా మిగిలింది. మీ నాన్న డాక్టర్లకి పాఠం చెబుతున్నాడు!

నవ్వకు. మా ఆస్పత్రి రెండో అంతస్తులో, పాత ఎక్స్‌రే గది పక్కన పొడుగాటి హాలుంది చూడు, అందులో ఆరు పొయ్యిలు, రెండు సింకులు, ఒక పెద్ద బల్ల వేశారు. ఆస్పత్రి క్యాంటీను పైకి మార్చారేమో అనుకున్నాను. కాదట. మందు రాయడం వచ్చినవాళ్ళకి భోజనం రాయడం నేర్పే క్లాసట అది. షుగరు, బీపీ, గుండెజబ్బు లాంటివి చుట్టపుచూపుగా వచ్చి పోయేవి కావు కదా, పెట్టె సర్దుకొచ్చి ఇంట్లోనే ఉండిపోయే రకం. వాటికి మాత్రతో పాటు తిండీ నడకా నిద్రా కూడా మందేనని, ఆ మందు రోగికి ఎలా ఇవ్వాలో డాక్టర్లకీ నర్సులకీ మందుల షాపువాళ్ళకీ పది శనివారాలు నేర్పుతారు. పద్నాలుగు మంది ఉన్నారు. నేర్పేది నెరిసిన జుట్టు పెద్దావిడ, అందరూ పెద్దమేడం అంటారు. మొదటిరోజే అడిగింది, "మీ చదువంతటిలో తిండి గురించి ఎన్ని రోజులు చెప్పారు?" అని. ఒక పొడుగు డాక్టరు తల గోక్కుని, "ఒక మధ్యాహ్నం మేడం" అన్నాడు. వెనకనుంచి ఒక నర్సమ్మ, "ఆ మధ్యాహ్నం కూడా కునికిపాట్లే అయ్యుంటాయి" అంది. హాలు హాలంతా గొల్లుమంది.

నన్నెందుకు పిలిచారంటావా? వాళ్ళకి మాట్లాడి నేర్చుకోడానికి రోగి కావాలట. నటించే రోగి కాదు, అసలు సిసలు రోగి. నన్ను చూసే డాక్టరు నా కాగితాలు తిరగేసి, "ఇంతకంటే మొండి కేసు నా దగ్గర లేదు" అని నా పేరిచ్చాడట. షుగరు మూడు నెలల సగటు తొమ్మిది పాయింటు ఎనిమిది మీద కూర్చుని కిందికి దిగనంటోంది, ఇక ఇంజక్షన్లే అన్నాడు కదా. మొండి కేసుగానైనా ఒక చోట మొదటి ర్యాంకు వచ్చింది, నాకదే పదివేలు.

హాలు మధ్యలో కుర్చీ వేసి నన్ను కూచోబెట్టారు. ముందు పొడుగు డాక్టరు వచ్చాడు. నిలబడే అడిగాడు.

"డైట్ పాటిస్తున్నారా?"

"పాటిస్తున్నానండి."

"అన్నం తగ్గించారా?"

"తగ్గించానండి. పూటకి ఒక్క గరిటె."

"నడుస్తున్నారా?"

"రోజూ సాయంత్రం నలభై నిమిషాలండి."

అంతే, కాగితం మీద గీకి వెళ్ళిపోయాడు. పెద్దమేడం, "ఏం తెలిసింది?" అంటే, "ఈయన నిజం చెప్పడం లేదని తెలిసింది మేడం, ఈ తిండికి ఆ షుగరు రాదు" అన్నాడు. నా ఎదురుగానే. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట నాకు కొత్త కాదు కనుక ఇంకాస్త గట్టిగా తగిలింది. అదెందుకో తర్వాత చెబుతాను.

అప్పుడొక కళ్ళజోడు డాక్టరమ్మ లేచింది. నీకంటే అయిదారేళ్ళు చిన్నదేమో. తన కుర్చీ ఈడ్చుకొచ్చి నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర వేసుకుంది. "తాతగారూ, నిన్న పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి నాకు కథలా చెప్పండి. ఏం చేశారు, ఏం తిన్నారు, ఎక్కడ కూచుని తిన్నారు, అన్నీ. నేను మధ్యలో అడ్డం రాను" అంది. గువ్వా, పన్నెండేళ్ళయింది నాకీ జబ్బొచ్చి. ఎంతమంది డాక్టర్లని చూశాను! కథ చెప్పమన్నవాళ్ళు ఒక్కళ్ళు లేరు. చెప్పుకుంటూ పోయాను. మధ్యాహ్నం దగ్గరికొచ్చేసరికి, "ఒక్క గరిటె అన్నం, కాసిని ఉడికించిన కూరముక్కలు" అన్నాను.

"ఏ గరిటె తాతగారూ? ఎంతుంటుంది?"

"గరిటె ఎంతుంటుందమ్మా, గరిటెడుంటుంది" అన్నాను.

"చేత్తో చూపించండి చూద్దాం."

చూపించాను. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, "వచ్చేవారం అది తెస్తారా?" అని అడిగింది.

నీకు తెలుసుగా, ఫ్యాక్టరీ క్యాంటీనులో ముప్పై మూడేళ్ళు వండాను. పూటకి నాలుగొందల మంది. మా దగ్గర ఒకటే చట్టం, మనిషికి ఒక గరిటె. ఇనుప దిమ్మెలెత్తేవాడు ఒక్కసారి వడ్డించుకుని వెళితే సాయంత్రం దాకా ఆగాలి, వరస కదలాలి, రెండోసారి రాకూడదు. ఆ లెక్కకి చేయించిన గరిటె అది. నేను పని మానేసిన రోజున దాన్ని తోమి, పిడికి రిబ్బను కట్టి నా చేతిలో పెట్టారు. మీ అమ్మ ఉన్నన్నాళ్ళు ఆవిడ వడ్డించింది, నేను తిన్నాను. ఆవిడ పోయాక గిన్నెలూ పొయ్యీ నా పాలపడ్డాయి. అలవాటైన చెయ్యి అలవాటైన పిడినే పట్టుకుంటుంది. డాక్టరు "పూటకి ఒక్క గరిటె అన్నం" అన్నప్పుడు నాకు ప్రపంచంలో ఇంకో గరిటె ఉందని తోస్తే ఒట్టు! పైన కుప్ప లేకుండా కత్తితో చదును కూడా చేసేవాణ్ణి. ఎంత నియమంగా ఉన్నానో అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి.

వారం తిరిగాక దాన్ని పాత పేపరులో చుట్టి బస్సెక్కాను. కండక్టరు, "ఏంటి పెద్దాయనా, పడవ ఎక్కడ పెట్టొచ్చారు, తెడ్డు ఒక్కటే తెచ్చుకున్నారు?" అన్నాడు. క్లాసులో అన్నం వండించి, ఎప్పటిలా వడ్డించమన్నారు. చదును చేసి మరీ వడ్డించాను. ఆ కంచాన్ని తక్కెడ మీద పెట్టారు. ఆరువందల ఇరవై గ్రాములు! ఇళ్ళలో గరిటెకి అయిదింతలు, ఆరింతలు. రెండు పూటలా అదే. పొడుగు డాక్టరు మెల్లగా నా దగ్గరకొచ్చి, ఈసారి కుర్చీ లాక్కుని కూచుని, "పెద్దాయనా, నన్ను క్షమించండి. మీరు నిజమే చెప్పారు, నేనే అడగలేదు" అన్నాడు. అంత చదువుకున్నవాడు, నా చెయ్యి పట్టుకుని! నాకు కన్నీళ్ళాగలేదమ్మా. ఆ తర్వాత పెద్దమేడం అందరి చేతా ఎవరింటి గరిటె వాళ్ళని తెప్పించింది. పద్నాలుగు గరిటెల్లో ఏ రెండూ ఒక్కటి కాదు. "వీటిలో ఏ గరిటె రాస్తారు మీరు చీటీ మీద?" అంది. నా వృత్తి తెలిసి, మిగతా శనివారాలు ఆ పొయ్యిల దగ్గర వాళ్ళకి వంట నేర్పమంది. ఉల్లిపాయ తరగడం రాని డాక్టర్లు తల్లీ! "నూనె తగ్గించండి" అని రోజుకి నలభై మందికి చెబుతారట, చెంచాడు నూనెలో కూర మాడకుండా ఎలా వేగుతుందో ఒక్కరికీ తెలీదు. నీళ్ళు చిలకరించి మూత పెట్టి చూపించాను. ఇంద్రజాలం చూసినట్టు చూశారు.

ఇప్పుడు అసలు మాట. రెండేళ్ళ కిందట మీ ఇంట్లో, నీతో పనిచేసేవాళ్ళు నలుగురు భోజనానికొచ్చారు. ఒకావిడ మర్యాదకి, "అంకుల్, షుగరెలా ఉంది?" అంది. నేను నోరు తెరిచేలోపు నువ్వు గ్లాసుల్లో నీళ్ళు పోస్తూ, "నా దగ్గరున్న వారం దిగుతుంది, ఇంటికెళ్ళగానే ఎక్కుతుంది. అడిగితే ఒక్క గరిటె అంటారు. అబద్ధాలు చెప్పే పేషెంట్లని ఆస్పత్రిలో రోజూ చూస్తాను, మా ఇంట్లో కూడా ఒకరున్నారు" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడే పనుందని రైలెక్కాను. నువ్వు ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నీ గడప తొక్కకూడదనుకున్నాను. అప్పట్నుంచి నువ్వు రమ్మన్నప్పుడల్లా మోకాళ్ళు నొప్పులంటున్నాను. మోకాళ్ళకేం తల్లీ, గుర్రం కాళ్ళు.

మీ ఇంట్లో నువ్వు వడ్డిస్తావు, మీ గరిటెతో. అందుకే అక్కడ దిగేది. నీ తప్పూ లేదు, నా తప్పూ లేదు. మీ నాన్న అబద్ధాలకోరు కాదమ్మా. ఆ ఒక్కమాట నీ నోట వినాలనుంది.

తక్కెడ సాక్షిగా,
నీ నాన్న


ఆదివారం

నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. నువ్వు ఫోను చేస్తే ఏవో వంకలు చెప్పి పెట్టేశాను, అది కూడా నీకు తెలిసే ఉంటుంది. జవాబు రాయడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందో చదివితే నీకే అర్థమవుతుంది.

"నాన్నా, నన్ను క్షమించు, ఆ మాట అన్నట్టు కూడా నాకు గుర్తులేదు, అదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది" అని రాశావు. అక్షరాలు అక్కడక్కడ తడిసి అలుక్కుపోయాయి. నేను రెండేళ్ళుగా కోరుకున్నది అదే. తీరా చేతికొచ్చాక మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటే నిప్పు పెట్టుకున్నట్టుంది. ఎందుకంటే గువ్వా, గరిటె సంగతి నిజం. నడక సంగతి అబద్ధం.

చెప్పేస్తున్నాను. సాయంత్రం నలభై నిమిషాలు బయట ఉండే మాట నిజమే. అందులో నడక ఎనిమిది నిమిషాలు. వెళ్ళేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు నాలుగు. మిగతా సేపు మూలమీద బేకరీ బయట బెంచీ మీద హారన్‌తో కూచుంటాను. హారన్ అంటే నీకు గుర్తుండాలి, బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన నా స్నేహితుడు, గుసగుసలాడినా వీధి చివరికి వినబడుతుంది. ఇద్దరం చెరో క్రీము బన్ను తింటాం. రోజూ. ఇంటికి ఫోను చేసి నువ్వు "నడిచావా నాన్నా?" అనడిగినప్పుడు మీసానికంటిన క్రీము తుడుచుకుంటూ "నడిచానమ్మా" అన్న రోజులు లెక్కలేనన్ని.

ఎందుకని అడుగుతావు. సాయంత్రం అయిదింటికి మీ అమ్మ వంటింట్లోంచి, "ఏమండీ, టీ" అని పిలిచేది. ముప్పై ఎనిమిదేళ్ళు పిలిచింది. ఇప్పుడు అయిదయ్యేసరికి చెవులు వాటంతటవే అటు తిరుగుతాయి. అక్కడ ఫ్రిజ్జు చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ వేళకి ఆ ఇంట్లో ఉండలేను తల్లీ. బన్ను కోసం పోలేదు. పోయాక బన్ను ఉంది, అంతే.

నీకు రాయడానికి ముందు ఇంకోచోట బయటపడింది. అదీ చెప్పాలి. ఆరో శనివారం వేరే ఆస్పత్రుల నుంచి పెద్ద పెద్ద డాక్టర్లు క్లాసు చూడ్డానికొచ్చారు. కళ్ళజోడు డాక్టరమ్మ నా కేసు చెప్పింది. ఎంత బాగా చెప్పిందనుకున్నావు! చివర్న, "ఈ తాతగారు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. మనమే సరిగ్గా అడగలేదు" అంది. చప్పట్లు కొట్టారు. అందరూ నా వైపు తిరిగి మరీ కొట్టారు. జేబులో నీ ఉత్తరం. ఊరుకుంటే పోయేదే, ఎవడికి తెలుస్తుంది? హారన్ చెప్పడు, చెబితే వాడి బన్నూ బయటపడుతుంది. కానీ ఆ పిల్ల ముఖం చూశాను. నీ ముఖంలానే ఉంది, నువ్వు మొదటి పరీక్ష పాసైన రోజున ఉన్నట్టు. ఈ పిల్ల ఈ మాటని ఇంకో వెయ్యిమంది రోగుల దగ్గరికి మోసుకెళుతుంది, పునాదిలో నా అబద్ధం పెట్టుకుని.

లేచి నిలబడ్డాను. "ఆగండమ్మా. ఒక్కసారి కాదు, రోజూ చెప్పాను" అన్నాను. బన్నులూ బెంచీ అన్నీ చెప్పేశాను. అయిదింటి సంగతి కూడా.

నా పని అయిపోయింది, గరిటె తీసుకుని ఇంటికి పొమ్మంటారనుకున్నాను. మందుల షాపాయన మొదట నోరు తెరిచాడు, "అయితే బన్ను మానిపించాలి" అని. నర్సమ్మ ఊరుకుంటుందా? "పోయిన వారం మీ టీలో మూడు చెంచాల పంచదార రెండుకి తగ్గించమంటే మూడోరోజుకే చేతులెత్తేశారు, మీరా మానిపించేది?" అంది. నిజమే, పెద్దమేడం వాళ్ళందరికీ ఒక పని పెట్టింది, రోగికి రాసే పథ్యం వారం రోజులు తామే పాటించి రమ్మని. పద్నాలుగు మందిలో నిలబడినవాళ్ళు ఇద్దరు. మిగతా పన్నెండు మందికీ ఆ రోజు నుంచి రోగులతో మాట్లాడే గొంతే మారిపోయింది.

కళ్ళజోడు డాక్టరమ్మ మాత్రం వచ్చి నా పక్కన కూచుంది. ఆ పిల్లకి కోపం వచ్చిందేమోనని నాకు భయమేసింది, నీ దగ్గర వేసినట్టే. "తాతగారూ, హారన్ గారు మీకు కావాలా?" అంది. "కావాలమ్మా" అన్నాను. "బన్ను?" "హారన్ ఉంటే బన్ను లేకపోయినా ఫరవాలేదు." "అయితే బెంచీ మారుద్దాం" అంది. గ్రంథాలయం దాటాక పార్కులో ఒక బెంచీ ఉంది, ఇంటినుంచి ఇరవై నిమిషాల నడక. అక్కడ చుట్టుపక్కల ఏ అంగడీ లేదు, బాతులు మాత్రం ఉన్నాయి. అయిదింటికి ఇల్లు వదలడం అలాగే ఉంది, స్నేహితుడూ అలాగే ఉన్నాడు. హారన్ మొదటిరోజు, "బన్ను లేని స్నేహం ఎందుకురా, బస్సు లేని డిపోలాగ!" అని అరిచాడు. బాతులన్నీ లేచిపోయాయి. ఇప్పుడు వాడే ముందు తయారై వచ్చి గేటు కొడుతున్నాడు. ఆదివారం ఒక్క బన్ను, ఇద్దరం సగం సగం. అది ఆ డాక్టరమ్మ అనుమతితోనే, మళ్ళీ దొంగతనమనుకునేవు.

తర్వాత పెద్దమేడం వాళ్ళకి చెప్పిన మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "రోగి చెప్పేదాంట్లో కొంత కొలత తేడా, కొంత భయం. కొలత తేడాకి తక్కెడ చాలు. భయానికి మీరు కావాలి." నాకైతే ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. నాకంటే పదేళ్ళు చిన్నదని ఆగాను.

కనుక నువ్వు అడిగిన క్షమాపణ నీకే తిప్పి పంపుతున్నాను. నీ మాటలో సగం నిజముంది. నీకు అబద్ధం చెప్పింది నిన్ను మోసం చెయ్యాలని కాదు, నీ ఎదుట మంచి మార్కులు కావాలని. నలుగురిలో అన్నావని బాధపడ్డాను, అది నిజం. అన్నది అబద్ధమని మాత్రం ఇక అనలేను. ఇప్పుడు కోపగించుకో, తిట్టు, నీ ఇష్టం. ఏదైనా సరే నిజం నీకు తెలిశాక వచ్చే తిట్టు, తెలియక వచ్చే మెప్పుకంటే నాకు హాయి.

తేలికపడిన మనసుతో,
నీ నాన్న


గురువారం

గువ్వా, నా తల్లీ,

నీ ఉత్తరం మొన్న చదివాను. అదే కుర్చీలో కూచుని, ఇంకోసారి చదివి ఇప్పుడు రాస్తున్నాను. చెడ్డ కబురు చదివి ఇంత పొంగిపోయిన తండ్రి లోకంలో ఇంకొకడుంటాడా? కబురుకి కాదమ్మా, ఆ కబురు నాకు చెప్పినందుకు.

"నాన్నా, నాకు కూడా షుగరు హద్దు మీద ఉంది. ఆర్నెల్లయింది తెలిసి. ఆయనకి కూడా చెప్పలేదు. రోజుకి అరవై మందికి వేళకి తినమని చెబుతాను, నేను మధ్యాహ్నం తినేది సొరుగులో బిస్కెట్లు, అదీ నిలబడి. నువ్వు అంతమందిలో లేచి నిలబడ్డావని చదివాక నేను నీకైనా చెప్పకపోతే ఎలా అనిపించింది. తిట్టకు" అని రాశావు. ఈ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో. ఊరందరి రక్తం చూసే నా కూతురు తన రక్తం సంగతి మొదట నాకు చెప్పింది. అబద్ధాలు చెప్పే పేషెంటుకి! నా మీద నీకున్న నమ్మకం ఇంతకంటే ఎలా చూపిస్తావు?

తిట్టను. తిట్టడం ఎంత పనికిమాలిన వైద్యమో నాకంటే తెలిసినవాడు లేడు. నీకు సిగ్గుగా ఉందని రాశావు. ఎందుకే పిచ్చిదానా? పడవ నడిపేవాడు మునగడా? హద్దు మీద ఉన్నప్పుడే తెలిసింది, వెనక్కి తిరిగి రావడానికి బోలెడంత దారి ఉందని పెద్దమేడం అంటుంది. నిన్న ఆవిడని అడిగేటప్పుడు నీ పేరు చెప్పలేదు, "నాకు తెలిసినమ్మాయి" అన్నాను. ఆవిడ ఒక నవ్వు నవ్వి, "ఆ తెలిసినమ్మాయి డాక్టరైతే రెండో బ్యాచిలో ఒక ఖాళీ ఉంది" అంది. ఆవిడకి తెలియనిదేమైనా ఉందా! ముందు అల్లుడుగారికి చెప్పు. ఆయన మంచివాడు, చెబితే సగం మోస్తాడు. చెప్పకపోతే అంతా నువ్వే మోయాలి. ఈ మాట నా సొంత అనుభవంతో చెబుతున్నాను.

నా సంగతి. పదో శనివారం అయిపోయింది. నిన్న రక్తం చూశారు, మూడు నెలల సగటు ఏడు పాయింటు మూడు. తొమ్మిది పాయింటు ఎనిమిది నుంచి! నా డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, పేరు నాదేనా అని మూడోసారి చూశాడు. ఇంజక్షన్లు ఇప్పటికి అక్కర్లేదన్నాడు, ఒక మాత్ర సగానికి తగ్గించాడు. నా అంతట నేను ఒక్క మాత్రా మానలేదులే, తిండి మందే కానీ మందుకి సవతి కాదని మేడం మొదటిరోజే చెప్పింది. పాదాల తిమ్మిరి కూడా కాస్త నయం. ఆఖరి రోజున పద్నాలుగు మందికీ సర్టిఫికెట్లిచ్చారు. వాళ్ళంతా కలిసి నాకు ఒక తెల్లకోటు తొడిగారు. పొడుగు డాక్టరు కోటది, చేతులు మోకాళ్ళదాకా వచ్చాయి. ఆ అబ్బాయి ఇప్పుడు ఉల్లిపాయ తరిగితే చూడాలి, కాగితంలా వస్తాయి ముక్కలు. తన ఓపీలో రెండు కుర్చీలు పక్కపక్కన వేయించాడట. కళ్ళజోడు డాక్టరమ్మ నా చెవిలో, "తాతగారూ, చప్పట్లు కొట్టిన రోజుకంటే మీరు ఆపిన రోజే నేను ఎక్కువ నేర్చుకున్నాను" అంది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి. నాకు ఎంతమంది మీద ఎంత కృతజ్ఞత ఉందో రాయాలంటే ఈ కాగితాలు చాలవు. నన్ను "మొండి కేసు" అన్న ఆ డాక్టరు మీద కూడా! ఆయన విసుక్కోకపోతే నేను ఆ మెట్లెక్కేవాణ్ణి కాదు కదా.

ఇక నా ప్రయాణం సంగతి. మోకాళ్ళ నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోయింది. మంగళవారం పొద్దున బండికి వస్తున్నాను. వద్దనకు, టికెట్టు తీసేశాను. స్టేషనుకి రావద్దు, డ్యూటీ మానుకోవద్దు. ఇంటి తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళు. వంటింట్లో ఏముందో ఏం లేదో నేను చూసుకుంటాను. ఒంటిగంటకల్లా క్యారేజీతో మీ ఆస్పత్రికొస్తాను. నేరుగా లోపలికి రాను. నీ గది బయట బెంచీ మీద, నీ రోగుల వరసలో కూచుంటాను. కబురు పంపి ముందు పిలిపించకు, మిగతావాళ్ళకి అన్యాయం. నా వంతు వచ్చినప్పుడే వస్తాను. వచ్చాక మాత్రం నువ్వు కూచుని, క్యారేజీ మూత తీసి, చివరి ముద్ద తినేదాకా లేవను. వెనకవాళ్ళు విసుక్కుంటే నేను సముదాయిస్తాను, నాలుగొందల మంది వరసని ముప్పై మూడేళ్ళు కాసినవాణ్ణి.

బయట చీటీలు రాసే అమ్మాయి నన్ను ఎరగదు కదా. "జబ్బేమిటి పెద్దాయనా?" అని అడుగుతుంది. "జబ్బు నాది కాదమ్మా, డాక్టరుగారిది. నేను మందు తెచ్చాను" అంటాను.

మంగళవారం వరసలో ఉండే,
మీ నాన్న